నాలుక చూపిస్తేనే ఆవకాయ

తెనాలిలో ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ ఒక అద్దం ఉంది. తిండి ముట్టే ముందు దానికి నాలుక చాపి చూపించాలి. అద్దం చైనా వైద్యం చదువుకుంది. నాలుక రంగును బట్టి ఒంట్లో వేడెంతో, చలవెంతో తేల్చి, మనకు పనికొచ్చే అల్మరా మాత్రమే తెరుస్తుంది. వేసవి గుండెకు సంబంధించిన కాలమట, చేదు మంచిదట. ఉగాది నుంచీ కాకరకాయ రసం తాగుతున్నాం.

నిన్న అత్తయ్య కొత్తావకాయ కలిపారు. కలిపిన గిన్నెలోనే వేడన్నం వేసి తుడిచి తినకపోతే ఆవిడ లెక్కలో ఆ ఏడు ఆవకాయ పెట్టనట్టే. ఆవిడ చేతులు కడుక్కునేలోపు అల్మరా ఆ గిన్నెను లోపలికి లాక్కుని మూసుకుంది.

"నాలుక బాగా ఎర్రగా ఉంది. మీకు ఆవకాయ వద్దు," అత్తయ్య నాలుక చాపగానే అంది అద్దం.

"దీనికి చదువుంది గానీ ఆకలి లేదమ్మాయ్, అదీ గొడవ," అన్నారు అత్తయ్య.

నేను ఆవిడకు తాటిముంజలు పెట్టి, సబ్జా నీళ్లు తాగించి, చివరికి నోట్లో ఐసుముక్క వేశాను. మళ్లీ చాపితే నాలుక తెల్లగా పాలిపోయింది.

అద్దం కంగారుపడింది. "చలవ మితిమీరింది. ఆవపిండి, వెల్లుల్లి, మిరపకారం వెంటనే లోపలికి వెళ్లాలి. వేడన్నంతో."

అల్మరా తెరుచుకుంది.

"వైద్యుడి మాట తీసేయకూడదు," అంటూ అత్తయ్య నాకూ ఒక ముద్ద పెట్టారు. అత్తగారి చేతిముద్ద గురించి అద్దం ఇంకా చదువుకోలేదు.

ఆ అద్దాన్ని ముచ్చటపడి బిగించిన మా ఆయన వాసన పట్టుకుని వచ్చారు. గిన్నె వైపు చూశారు, అద్దం వైపు చూశారు. ఆపైన గొంతు బాగా తగ్గించి అడిగారు.

"ఐసు ఇంకా ఉందా?"