అయిదో నరకంలో ముఖం

గోడ మీది ముఖం తనదే.

కంకర లారీ వెంట వచ్చిన ఆసామి, మంచినీళ్ళ కోసం జైన గుడి మండపంలోకి అడుగుపెట్టి, గోడ ముందే ఆగిపోయాడు. ఎదుట పద్నాలుగు మూరల లోకపురుషుడు, లోకాలన్నీ ఒంట్లోనే ఉన్నవాడు, కాళ్ళు ఎడం చేసి, చేతులు నడుముకు ఆనించి నిలబడి ఉన్నాడు. లోకాలను కొలిచే కొలత రజ్జువు, బొమ్మలో మూరకొకటి. ఆరు నెలలు ఆగకుండా దూసుకుపోయే దేవుడికైనా గడిచేది ఒక్క రజ్జువేనట.

నడుము కింద ఏడు నరకాలు. అయిదో నరకంలో నలుగురు కలిసి ఒకణ్ణి గొడ్డళ్ళతో నరుకుతున్నారు. తెగిన ముక్కలు పాదరసంలా అతుక్కుంటున్నాయి, మళ్ళీ తెగడానికి. ఆ నరకబడేవాడిది వంకర ముక్కు. నడిమికి చీలిన గడ్డం. దవడకు అంటుకుపోయిన చెవి తమ్మెలు. అద్దంలో చూసుకున్నట్టే ఉంది.

ఇరవై రెండేళ్ళ కిందట ఏట్లో ఒకణ్ణి మెడ పట్టి ముంచాడు, బుడగలు ఆగేదాకా. మిగతా పని వరద చేసింది, శవమైనా దొరకలేదు. కాలు జారిందని అందరూ నమ్మారు. చూసిన పురుగు లేదనుకున్నాడు.

చూసినవాడు ఉన్నాడన్నమాట!

"ఎవడ్రా చెప్పింది నీకు?"

నిచ్చెన మీద లోకపురుషుడి నడుము దిద్దుతున్న చిత్రకారుడు తిరిగి చూశాడు. సున్నపు దుమ్ముకు తలకూ ముఖానికీ గుడ్డ చుట్టుకున్నాడు. కనిపించేవి కళ్ళే. ఆ కళ్ళు ఆసామిని వదల్లేదు.

"ఎవరూ చెప్పలేదన్నా."

"మరి ఈ మొహం ఎక్కడ చూశావ్?"

"రోజూ చూస్తాను."

"రోజూ చూస్తాడట దొరగారు!"

ఒక్క తన్నుకు నిచ్చెన ఒరిగింది. మనిషి రాతి నేల మీద పడ్డాడు. పక్కటెముకలు పటుక్కుమన్నాయి. రంగుల గిన్నెలు బద్దలయ్యాయి.

"నడుం దగ్గర ఆ గీతేంట్రా?"

"మన లోకమన్నా. భూములూ సముద్రాలూ అన్నీ అందులోనే."

"వెంట్రుకంత గీత! అందులో ఇంతమంది ఉండగా నా మొహమే దొరికిందా నీకు? చూసినవాడి పేరు చెప్పు!"

మాటకొక దెబ్బ. బూటు మడమ కింద కుంచె పట్టే వేళ్ళు ఒక్కొక్కటే విరిగాయి.

"వెళ్ళిపో అన్నా," రక్తం ఉమ్ముతూ గుడ్డలోంచి గొణిగాడు అతడు. "ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇకమీదటా చెప్పను."

ఆ మాటే అతడి ప్రాణం తీసింది. రంగులు నూరే రాయి రెండు చేతులా ఎత్తి, తల మీద మోదాడు ఆసామి. మూడోసారికి కాళ్ళు కొట్టుకోవడం ఆగింది.

వాకిట్లో చెంబు పడిన చప్పుడు. రంగులు నూరే అవ్వ.

"అయ్యో, నీ చేతులు పడిపోనూ! ఏం చేశాడయ్యా నిన్ను?"

"నరకంలో నా మొహం గీశాడు!"

"నీదెందుకు గీస్తాడు? నరకంలో పరాయి ముఖం వెయ్యడం మా పనివాళ్ళకు పాపం. గీసేవాడు తన ముఖమే వేసుకోవాలి."

అవ్వ ఏడుస్తూ కూలబడి, నెత్తుటి గుడ్డను మెల్లగా విప్పింది.

ఇరవై రెండేళ్ళ కిందట ఏట్లో ముంచిన కవల తమ్ముడు, ఈసారి నిజంగానే చచ్చిపడి ఉన్నాడు.