రెండు గంటల ప్రయాణం

తమ్ముడు ఏటా ఒకసారి విమానమెక్కి నన్ను చూడటానికి వచ్చేవాడు. "పొద్దున తొమ్మిదికి ఎక్కి పదకొండుకల్లా దిగిపోయాను, అన్నయ్యా" అనేవాడు నవ్వుతూ. భోజనం కాగానే నా పుస్తకాల గదిలో, కుర్చీలోనే నిద్రపోయేవాడు. వాడితో వాదించడానికి ఏడాది పొడుగునా దాచుకున్న మాటలు నాలోనే ఉండిపోయేవి.

చివరిసారి గురక పెడుతుంటే తట్టి లేపాను.

"రెండు గంటల ప్రయాణానికే ఇంత నిద్రా? పడుకోవడానికైతే వేరే ఇల్లు చూసుకో."

వాడు కళ్లు నులుముకుని చెప్పులేసుకున్నాడు. ఆరేళ్లయింది. మళ్లీ రాలేదు.

ఆ పొగరేమిటో ముఖం మీదే అడిగి రావాలని ఇవాళ టికెట్ల ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్లో, ఈ పరాయి దేశంలోనూ తెలుగొచ్చిన అమ్మాయి ఇచ్చిన కాగితం ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కితే మర్నాడు పొద్దున తొమ్మిదికి దిగుతాను.

"ఇరవై గంటలా? మా తమ్ముడు రెండు గంటల్లో వచ్చేవాడు. ముసలివాణ్ణని లోకమంతా తిప్పి తీసుకెళ్తారా?"

"రావడానికైనా పోవడానికైనా పదకొండు గంటలే, తాతగారూ. అక్కడి గడియారం మనకంటే తొమ్మిది గంటలు ముందుంటుంది. ఆయన ఎక్కింది అక్కడి టైము, దిగింది ఇక్కడి టైము."

ముప్పై ఏళ్లు భూగోళం పాఠ్యపుస్తకాల్లో అచ్చుతప్పులు దిద్దినవాణ్ణి.

"దిగిన రోజు నిద్ర ఆపుకోవడం ఎవరి తరమూ కాదు. పడుకోవడానికి అక్కడ ఎవరిల్లయినా ఉందా?" అంది.

"అడిగి చూడాలమ్మా" అన్నాను.