ధ్రువంలో మంచు లేని ఏడు

ఆ రోజు ఇంట్లో కాసులమ్మత్త, పొయ్యి పక్కన రెండు మేకపిల్లలు, చలిపెట్టె చదివిపెట్టడానికి వచ్చిన పక్కింటి దేవిక ఉన్నారు. ఉత్తర ధ్రువంలో సముద్రం మీది మంచును చూసి లంబసింగికి చలి ఎప్పుడొస్తుందో చెప్పే పెట్టె అది. ఊరంతా దాని మాటే వినేది. ఈ ఏడు ధ్రువంలో మంచే లేదు. తెర మీద "చెప్పలేను" అని వచ్చింది.

"నోరు విప్పితే ముత్యాలు రాలతాయా? చదువుకున్నదానివి, ఈ రాత్రి చలుందో లేదో చెప్పవే!" అంది అత్త.

తెలియదనడానికి సిగ్గేసి, "లేదత్తా" అంది దేవిక.

పొగకు దగ్గుతున్నాయని అత్త మేకపిల్లల్ని బయట కట్టేసింది.

తెల్లారేసరికి గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టింది. దేవిక పరుగెత్తుకొచ్చింది. ఒక పిల్ల అప్పటికే చచ్చిపోయింది. రెండోదాన్ని అత్త ఒళ్లో పెట్టుకుని రుద్దుతోంది. అదీ కదలడం లేదు.

"అత్తా, పెట్టె చెప్పలేనంది. నేనే..."

"ఆ ముక్క నిన్న అనుంటే పొయ్యి దగ్గరే ఉంచేదాన్ని కదే."

అత్త గొంతు పెంచలేదు. పిల్లను కొంగులో చుట్టుకుని లోపలికెళ్లి, దేవిక గడప బయట ఉండగానే తలుపు మూసేసింది.