బాత్రూమ్‌లో ధ్యానం

భానుమతి బాత్రూమ్‌లోకి దూరి గొళ్ళెం పెట్టింది. కుళాయి తిప్పి వదిలేసింది. బకెట్ బోర్లించి దానిమీద కూర్చుంది. ఫోన్ సౌండు బాగా తగ్గించి చెవికి ఆనించుకుంది.

“ఊపిరి మెల్లగా పీల్చండి... భుజాలు వదిలెయ్యండి...”

బందరు నుంచి షాహీన్ మేడమ్ గొంతు. క్యాన్సర్ తెచ్చిన దిగులుతో సతమతమయ్యేవాళ్ళ కోసం ఆవిడ ఆన్‌లైన్‌లో ధ్యానం నేర్పుతుంది. భానుమతి చేరి నాలుగు రోజులైంది.

భర్త గోవర్ధనరావుకి తెలీదు. తెలియకూడదు. ఆయన తమ్ముడు భూషణం ఆ జబ్బు పేరు విన్ననాడే అన్నం మానేశాడు. నెల తిరక్కుండానే పోయాడు. ఈయన అంతకన్నా పిరికి మనిషి.

తలుపు దబదబా మోగింది.

“ఏమే, అవనిగడ్డ కాలవంతా లోపలే పారిస్తున్నావా?”

“వస్తున్నానండీ!”

“బీరువాలో ఆసుపత్రి ఫైలేదీ?”

ఫైలు పక్కింటి ఆమినా బీ బియ్యం డబ్బాలో ఉంది.

“ఎక్కడో పెట్టానండీ. వెతికి ఇస్తాను.”

“మొన్న గుడివాడలో నన్ను బయట కూర్చోబెట్టి, డాక్టరుతో అరగంట ఏం మాట్లాడావ్?”

“కూరల్లో కారం తగ్గించాలా అని అడిగానండీ.”

“అరగంటా కారమేనా!”

కుళాయి గురగురమని ఆగిపోయింది. ట్యాంకు ఖాళీ.

నీళ్ళ చప్పుడు పోయేసరికి ఫోన్లో గొంతు గదంతా వినిపించింది. “భానుమతిగారూ, ఇంట్లో చెప్పారా?”

చప్పున సౌండు కట్టేసింది.

“ఎవరే లోపల?”

“ప్రవచనమండీ, ఫోన్లో.”

“బాత్రూమ్‌లోనా?”

ఆయన తలుపుకి ఆనుకుని కూలబడిన చప్పుడు.

“భానూ, నా దగ్గర ఏదో దాస్తున్నావే. భరత్ కూడా అంతే. ఫోన్ చేసి, నా గొంతు వినగానే అమ్మకివ్వమంటాడు. కన్నకొడుక్కి నాతో రెండు మాటలుండవా?”

ఇప్పుడా గొంతులో కోపం లేదు. భానుమతి పైటకొంగు నోట్లో కుక్కుకుంది.

ఫోన్ తెరమీద మేడమ్ మెసేజ్ వచ్చింది. ‘మీ జబ్బు సంగతి మీవారి దగ్గర ఎన్నాళ్ళు దాస్తారండీ? చెప్పెయ్యండి. ఆయనే మీకు ధైర్యం చెబుతారు.’

భానుమతి తడి వేళ్ళతో, తప్పులు దిద్దుకుంటూ టైపు చేసింది: ‘జబ్బు నాకు కాదండీ, ఆయనకి.’