భయం పోగొట్టే వర్క్‌షాప్

“గొంతు పోయిందండీ. రాలేను” అన్నారు ఫోనులో ఫణిశ్రీ గారు. చిరుగుతున్న కాగితంలా ఉంది ఆ గొంతు.

అనంతకృష్ణకి కాళ్ల కింద భూమి కదిలినట్టయింది. ‘స్టేజీ భయం పోగొట్టుకోవడం ఎలా? విశాఖ నుంచి ఫణిశ్రీ గారి వర్క్‌షాప్’ అని క్యాంపస్ గోడలన్నిటికీ పోస్టర్లు అంటించింది ఆయనే. నర్సీపట్నం పీజీ క్యాంపస్‌లో ఏ కార్యక్రమం జరగబోతున్నా ఇన్‌చార్జి ఆయనే. ఏటికొప్పాక బొమ్మల రంగుల మీద శిక్షణైనా, పుట్టగొడుగుల పెంపకమైనా, కుర్చీలు వేయించడం దగ్గర్నుంచి అతిథికి శాలువా కొనడం దాకా అన్నీ తనే చూసుకుంటాడు. ఆ శాలువా కప్పడానికి మాత్రం ఇంకెవరినైనా స్టేజీ ఎక్కిస్తాడు. బోటనీ క్లాసులో కూడా బోర్డు వైపు తిరిగి ఆకులూ వేర్లూ గీస్తూనే పాఠం చెప్పేస్తాడు. పిల్లలు ఆయన్ని ముఖం కన్నా వీపు చూసి బాగా గుర్తుపడతారు.

పరుగున ప్రిన్సిపాల్ శారదాంబ గారి గదికి వెళ్లాడు.

“మేడమ్, వాయిదా వేసేద్దామండీ.”

“ఏటి వాయిదా మాస్టారూ! హాలు నిండిపోయింది. గొలుగొండ నుంచీ కోటవురట్ల నుంచీ కూడా పిల్లలు వచ్చీసేరు. మీరే మాట్లాడీయండి.”

“నేనా? నాకు స్టేజీ అంటే...”

“చెట్ల గురించి గంటసేపు చెప్తారు. భయం గురించి నాలుగు ముక్కలు చెప్పలేరా? బేగి పదండి.”

‘చెట్లు తిరిగి మనల్ని చూడవు మేడమ్’ అందామనుకున్నాడు. అది కూడా పైకి అనలేకపోయాడు.

స్టేజీ ఎక్కాడు. హాలు నిండా కళ్లే. మైకు పట్టుకుంటే చేతి వణుకు అందులోంచి గరగరమని వినిపించింది. “నమ...” అన్నాడు. స్కారం రాలేదు. గ్లాసందుకుని నీళ్లు తాగబోతే సగం చొక్కా తాగింది.

“భయం అనేది... అనేది... భయం” అన్నాడు. “కాబట్టి...” అన్నాడు. ఆ తరవాత ఇంకేమీ లేదు.

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. కళ్లు తిరిగి పడిపోతే కాస్త గౌరవంగా ఉంటుందేమో అని ఆలోచించాడు అనంతకృష్ణ. కానీ ఏ పక్కకి పడాలో తేల్చుకోలేకపోయాడు. మోకాళ్లు మాత్రం ఆ పని సొంతంగా మొదలుపెట్టేశాయి. ఆయన అలా నిలబడి ఉండగానే వరస నుంచి వరసకి గుసగుసలు పాకాయి.

అప్పుడు మధ్య వరసలోంచి ఓ పిల్ల లేచింది. దేవి. ఏజెన్సీలో కొండమీది ఊరి నుంచి వచ్చి ఎమ్మెస్సీ చదువుతోంది. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది గానీ నోరు విప్పదు. అలాంటి పిల్ల గొంతెత్తి అరిచింది.

“సూపర్ యాక్టింగ్ సార్! స్టేజీ భయమంటే అచ్చం ఇలాగే ఉంటాది!”

హాలంతా చప్పట్లు. ఈలలు. శారదాంబ గారు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అనంతకృష్ణకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం ఆలస్యం చెయ్యలేదు. మునిగేవాడికి చేతికందింది గడ్డిపోచో గేదె తోకో చూసుకునే తీరిక ఉండదు.

“ఆ... అదీ! ఇప్పుడు నేను ఏమేం తప్పులు చేశానో మీరే వచ్చి చేసి చూపించండి!” అన్నాడు.

ఇక చూడాలి. ఒకడు వచ్చి మైకు వణికించాడు. ఒకమ్మాయి నీళ్లు చున్నీ మీద పోసుకుంది. ఇంకొకడు “భయం అనేది... అనేది...” అంటూ హాలుని ఊపేశాడు. తన వణుకుని ఇంతమంది ఇంత శ్రద్ధగా చదువుకున్నారా అని ఆయనకే ముచ్చటేసింది. దేవి కూడా మైకందుకుని, తను తొలిసారి కొండ దిగి వచ్చిన రోజు బస్‌స్టాండులో దారి అడగడానికి ఎంత భయపడిందో చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. భోజనాల వేళకి హాల్లో భయపడేవాళ్లెవరూ మిగల్లేదు. తను కూడా పిల్లల కళ్లలోకి చూస్తూ మాట్లాడుతున్నానని అనంతకృష్ణకి అప్పుడే తట్టింది.

“ఇంత నటుణ్ణి పట్టుకుని ఇన్నాళ్లూ కుర్చీలు వేయించాం!” అన్నారు శారదాంబ గారు.

“అబ్బే, ఏదో... కాలేజీ రోజుల్లో నాటకాలకి...” అని సిగ్గుపడ్డాడు. ఆ నాటకాలకి ఆయన చేసిందల్లా తెర లాగడం. అది కూడా ఒకసారి రాజుగారు చావకముందే లాగేశాడు.

“అయితే వచ్చే నెల నటన మీద వర్క్‌షాప్ మీదే. బోర్డులో పెట్టీయండి.”

వద్దనాలి. కానీ లోపలెక్కడో తియ్యగా ఉంది. స్వయంగా స్కెచ్ పెన్ను పట్టుకుని, ‘నటనలో మెళకువలు – శిక్షకుడు: అనంతకృష్ణ’ అని తన పేరు కొంచెం పెద్దక్షరాల్లో రాసి, నోటీసు బోర్డుకి అంటించాడు. కాస్త వెనక్కి జరిగి మురిపెంగా చూసుకుంటుంటే దేవి అటుగా వచ్చింది.

“అమ్మా దేవీ, ఇలా రా. హాల్లో అంతమంది ఉన్నా, నేను నటిస్తున్నానని ముందుగా కనిపెట్టింది నువ్వే. ఎలా తెలిసిందమ్మా?”

దేవి నోటీసు వైపు చూసింది. తల దించుకుంది.

“సెప్తే ఏటీ అనుకోరు కదా సార్?”

“చెప్పమ్మా, ఫరవాలేదు.”

“మీరు పడిపోతారేమోనని భయమేసీసింది సార్. ఏదోటి సెయ్యాలని మా వరసోల్లం అనుకుని, ఎనకోల్లకీ ముందోల్లకీ సెవిలో సెప్పీసేం” అని, ఇంకాస్త గొంతు తగ్గించింది. “యాక్టింగు మీరు సెయ్యలేదు సార్... మేం సేసేం.”