దొరసాని వేషం

"ఈ పూట దొరసాని వేషం నేను కడతాను మేడమ్," అంది పెద్దమ్మ.

మేడమ్ తలెత్తి చూసింది. వ్యాను ఆస్పత్రి వెనక వీధిలో ఆగి ఉంది. పెద్దమ్మ మాట అడిగినట్టు లేదు. తేల్చి చెప్పినట్టుంది.

మేడమ్ వైద్య సామాజిక శాస్త్రవేత్త. ఒకే బాధతో వెళ్ళిన ఇద్దరిని ఆస్పత్రులు ఒకేలా చూస్తాయా అన్నది ఆమె పరిశోధన. అనుమతులు తెచ్చుకుని, నాటకాలాడే ఇద్దరు ఆడవాళ్ళను కుదుర్చుకుంది. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు. చెప్పేదీ ఒకే మాట: "గుండె మీద బండ పెట్టినట్టుంది. ఎడమ చెయ్యి లాగేస్తోంది." రాసిచ్చిన మాటలు తప్ప సొంత కవిత్వం పనికిరాదు. తేడా అంతా బట్టల్లో, చెప్పుల్లో, నిలబడే తీరులో.

"రోగం లేనివాళ్ళే మన దగ్గర రోగులుగా పనికొస్తారు," అని మేడమ్ మొదట్లోనే నవ్వుతూ చెప్పింది. జలుబు చేసిందని ఒకామెను వచ్చిన రోజే పంపేసింది కూడా.

ఖరీదైన బట్టలు వేసుకునే ఆమెకు జట్టులో దొరసాని అని పేరు. ఆమెను చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళ్ళేవారు. సూది గుచ్చే వేళకి "మా డాక్టరుకే చూపించుకుంటాలెండి" అని లేచి వచ్చేసేది. వెలిసిన బట్టల పెద్దమ్మకు కథ అంతదూరం ఎన్నడూ పోలేదు. బెంచీ మీద కూర్చోబెట్టి, గ్యాసు మాత్ర చేతిలో పెట్టి పంపేసేవారు.

"ఏం పెద్దమ్మా, బెంచీలంటే విసుగొచ్చిందా?"

"నడుం పట్టేసింది మేడమ్. ఒక్కసారైనా మంచం ఎక్కనివ్వండి."

డ్రైవరు పకపకా నవ్వాడు.

వేషాల దగ్గర ఆ ఇద్దరికీ ఎప్పుడూ పేచీయే. "నీ మొహానికి కళ్ళజోడొకటా?" అని ఒకరు. "నీ నటనకి ఆ బట్టలే దిక్కు" అని ఇంకొకరు. ఈ పూట మాత్రం దొరసాని వెంటనే లేచింది. వ్యానులోని తెర చాటుకు వెళ్ళి బట్టలు మార్చుకుంది. కళ్ళజోడు తనే పెద్దమ్మకి పెట్టింది. చెప్పులు తెచ్చి కాళ్ళ ముందు ఉంచింది.

మేడమ్‌కి వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. మర్నాడే ఆరోగ్య శాఖ కమిటీ ముందు నివేదిక. అది నిలబడితే, గుండె నొప్పితో వచ్చినవాళ్ళను ఎవరైనా సరే రాగానే పరీక్ష చేసి తీరాలన్న నియమం వస్తుంది. కమిటీలో ఒక పెద్దాయన అప్పుడే మోకాలడ్డాడు. "ఇద్దరు మనుషులు, రెండు ముఖాలు. తేడా బట్టలదేనని ఎలా చెబుతావమ్మా?" అన్నాడు. ఇప్పుడు మనిషి ఒక్కరే. ముఖమూ ఒక్కటే. పోయిన వారం ఇదే ఆస్పత్రి ఈమెను బెంచీ మీంచి పంపేసింది.

"గుర్తుపడితేనో?" అన్నాడు డ్రైవరు.

"ఆ వెలిసిన బట్టల్లో ఉన్నప్పుడు నా మొహం ఎవరు చూశారు నాయనా," అంది పెద్దమ్మ.

దింపడానికి మేడమ్ చెయ్యి అందించింది. పెద్దమ్మ అరచెయ్యి చల్లగా, తడిగా తగిలింది.

"ఇన్నేళ్ళ అనుభవం ఉండి ఇంకా భయమేనా?"

"కొత్త వేషం కదమ్మా."

లోపల అంతా మేడమ్ ఊహించినట్టే జరిగింది. పెద్దమ్మ మాట పూర్తికాకముందే కౌంటరులోంచి నర్సు పరుగెత్తుకొచ్చింది. పోయిన వారం తలెత్తకుండా "కూర్చో" అన్నది ఆ నర్సే. "నెమ్మదిగా అమ్మగారూ, నా భుజం పట్టుకోండి," అంటోంది ఇప్పుడు. హాల్లో ఓ మూల కూర్చుని మేడమ్ ప్రతి మాటా పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుంది.

పెద్దమ్మ లేచి రావలసిన సమయం దాటిపోయింది. రాలేదు. ఇంజెక్షన్ల ట్రే పట్టుకుని ఒకామె లోపలికి వెళ్ళింది. మేడమ్ చటుక్కున లేచింది. నటుల ఒంట్లోకి సూది దిగితే పరిశోధన మొత్తం రద్దవుతుంది. గబగబా లోపలికి నడిచింది.

పెద్దమ్మ మంచం మీద ఉంది. ఛాతీకి వైర్లు అతికిస్తున్నారు. నుదురు, మెడ, జబ్బలు చెమటతో తడిసిపోయాయి. ఇంత బాగా చేస్తుందని తెలిస్తే ఈ వేషం ముందే ఇచ్చేదాన్నే అనుకుంది మేడమ్.

"ఆగండి డాక్టరుగారూ. ఈవిడ రోగి కాదు." అనుమతి కార్డు చూపించింది.

డాక్టరు మొహం కందగడ్డలా అయింది. "అసలు రోగులు బయట పడిగాపులు కాస్తుంటే మీకు నాటకాలా?"

"ఆ పడిగాపుల గురించే మా పరిశోధన," అంది మేడమ్. ఆ జవాబు ఆమెకే ఎంతో నచ్చింది.

డాక్టరు మిషన్ ఆన్ చేయకుండానే వైర్లు పీకేశాడు. పెద్దమ్మ మంచం కడ్డీ వదల్లేదు.

"గుండె మీద బండ పెట్టినట్టుంది," అంది, ఊపిరి కూడదీసుకుంటూ. "ఎడమ చెయ్యి..."

"చాలు పెద్దమ్మా. తెర పడిపోయింది," అంది మేడమ్. కడ్డీ మీంచి ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. నర్సు మొహం తిప్పుకుని నవ్వింది.

"ఈవిడ మొహం అందరూ బాగా గుర్తుపెట్టుకోండి," అన్నాడు డాక్టరు. "మళ్ళీ వస్తే గేటు దాటనివ్వద్దు."

వ్యాను దాకా మేడమ్ మాట్లాడుతూనే ఉంది. కమిటీ పెద్దాయన నోరు ఎలా మూతపడబోతోందో చెప్పింది. కొత్త నియమం ఎందరిని బతికిస్తుందో చెప్పింది. తన భుజం మీద వాలిన పెద్దమ్మ బరువు పెరుగుతోందని గమనించలేదు.

వ్యాను తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ వెలిసిన బట్టల్లో దొరసాని కిందికి దూకింది. ఇద్దరినీ చూసింది. పెద్దమ్మను రెండు చేతులా పట్టుకుంది.

"బయటికెందుకు తీసుకొచ్చేశారు మేడమ్, పొద్దుట్నుంచీ నొప్పితో మెలికలు తిరిగిపోతోంది, తన బట్టల్లో వెళ్తే ఎవరూ ముట్టుకోరనే కదా నావి అడిగి వేసుకుంది."