ముప్పై ఏళ్ళ టానీ

“ఆ సీసా కొనకండి బాబూ. వృథా అయిపోతుంది.”

గ్రాసిండా తలెత్తి చూసింది.

గుమ్మంలో ఓ ముసలాయన. మోచేతుల దగ్గర వెలిసిపోయిన కోటు, మెడ చుట్టూ మఫ్లర్. మాట ముద్దముద్దగా వస్తోంది.

పోర్చుగల్‌లోని పోర్తో రేవులో పోర్ట్ వైన్ సీసాల్లోనూ గ్లాసుల్లోనూ అమ్మే దుకాణాల్లో గ్రాసిండాది బాగా నడిచే దుకాణం. ఆ సాయంత్రం లిస్బన్ నుంచి ఓ జంట వచ్చింది. అమ్మాయి తండ్రికి పుట్టినరోజు కానుకగా మంచి పోర్ట్ కావాలన్నారు. గ్రాసిండా అరగంట మాట్లాడి వాళ్ళను షాపులోకల్లా ఖరీదైన వింటేజ్ సీసా దాకా తీసుకొచ్చింది. భర్త పర్సు కూడా తీశాడు.

సరిగ్గా అప్పుడు ఈ మాట.

“వృథా ఎందుకవుతుంది?” అడిగింది అమ్మాయి.

“మీ నాన్నగారు నలుగురితో కూర్చుని తాగుతారా, ఒక్కరేనా?”

“ఒక్కరే. అమ్మ పోయాక రోజూ భోజనమయ్యాక ఓ చిన్న గ్లాసు. అంతే.”

“వింటేజ్ మూత తీస్తే రెండు రోజుల్లో ఖాళీ చేసెయ్యాలమ్మా. తర్వాత దాని ప్రాణం పోతుంది. పదిమంది చేరినప్పుడు తెరిచే సీసా అది. ఒంటరి మనిషికి టానీ ఇవ్వండి. పీపాలో ఏళ్ళ తరబడి గాలి తగిలి ముదిరిన వైన్. తెరిచినా వారాల తరబడి పాడవదు. పదేళ్ళది చాలు.”

ఆ జంట ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదేళ్ళ టానీ తీసుకుని, ముసలాయన చెయ్యి పట్టుకుని మరీ థాంక్స్ చెప్పి వెళ్ళిపోయారు.

గ్రాసిండా మొహం మీద నవ్వు చెదరలేదు. పళ్ళు మాత్రం బిగుసుకున్నాయి.

“నీకేం కావాలి తాతా?”

“ముప్పై ఏళ్ళ టానీ. ఒక్క గ్లాసు.”

“వచ్చేముందే ఎక్కడో పట్టించినట్టున్నావే! నాలుక మడత పడుతోంది.”

గల్లా దగ్గర కూర్చునే కుర్రాడు జసింతో కిసుక్కుమన్నాడు.

ముసలాయన కూడా నవ్వాడు. “లేదమ్మా. పొద్దుట్నుంచీ మంచినీళ్ళే. దీనికోసం నోరు శుభ్రంగా ఉంచుకున్నాను.”

కర్టెన్ వెనకాల ఓ జగ్గు ఉంటుంది. తాగినవాళ్ళు గ్లాసుల్లో వదిలేసిందంతా అందులో ఒంపుతారు. పక్క హోటల్ వంటమనిషి వచ్చి మాంసంలోకి పట్టుకుపోతాడు.

గ్రాసిండా ఆ జగ్గు అందుకుంది.

“అక్కా, తాగేస్తాడంటావా?” గుసగుసలాడాడు జసింతో.

“ముప్పై ఏళ్ళదైనా, మూడు పూటలదైనా ఆ నోటికి ఒకటే. నా బేరం చెడగొట్టాడుగా, తాగనీ.”

కిటికీ పక్క బల్ల మీద గ్లాసు పెట్టింది.

ముసలాయన రెండు చేతులా ఎత్తుకుని వాసన చూశాడు. కాసేపు ఆగాడు. ఓ గుక్క తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. నోరు మండినట్టు దవడ వణికింది. అయినా చాలాసేపు నోట్లోనే ఉంచుకుని మింగాడు.

కళ్ళు తెరిచి గ్రాసిండా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు.

“ఇందులో మూడు రకాలున్నాయమ్మా. ఒకటి నిన్నటిది. సీసా మారిందేమో.”

గ్రాసిండా ఒక్క క్షణం తడబడింది. వెంటనే గొంతు పెంచింది.

“మూడు రకాలా! అయితే మూడు గ్లాసుల బిల్లు వెయ్యి జసింతో!”

పక్క బల్లల వాళ్ళు గొల్లుమన్నారు.

“పొరపాట్లు జరుగుతుంటాయిలే. నా ఎదురుగా మూత తీసి ఇంకో గ్లాసు పోస్తావా? దానిక్కూడా డబ్బిస్తాను.”

“కట్టేసే వేళయింది. రేపు రా.”

“రేపు నాకు పనికిరాదమ్మా.”

“అయితే ఎల్లుండి రా.”

ముసలాయన గోడ గడియారం చూశాడు. “ఆరింటికి నేను ఆస్పత్రిలో చేరాలి. ఇంకా కాస్త వ్యవధి ఉంది. ఒక్క గుక్క పోసినా చాలు.”

“వెళ్ళు మరి. తాగుబోతుల్ని కట్టేసే వార్డు అక్కడే ఉంది.”

మళ్ళీ నవ్వులు.

ముసలాయన లేచాడు. ముప్పై ఏళ్ళ గ్లాసుకి ఎంతవుతుందో అంతా బల్ల మీద పెట్టాడు. మఫ్లర్ సర్దుకున్నాడు. వెళ్తూ అల్మరాలోని టానీ సీసాల వైపు ఒకసారి చూశాడు.

రెండ్రోజుల తర్వాత, నది అవతలి గోదాము నుంచి సరుకు తెచ్చే అబెల్ పెట్టెలు దించుతూ ఆగాడు.

“అక్కా, మొన్న సాయంత్రం మీ షాపుకి సేవెరినో గారని ఓ పెద్దాయన వచ్చారా? మెడకి మఫ్లరుంటుంది.”

“వచ్చాడు... వచ్చారు. ఏం?”

“నిన్న ఆయన నాలుక తీసేశారక్కా. మొత్తం. పుండు గొంతు దాకా పాకిందట. ఇక నోటితో చుక్క మింగే యోగం లేదు.”

జసింతో మెల్లగా కర్టెన్ వెనక్కి వెళ్ళిపోయాడు.

“మా ఇంటికొచ్చి తాగండి అని గోదాములో అందరం బతిమాలాం. వద్దన్నారు. కొనుక్కునేవాళ్ళలా కౌంటర్ దగ్గర డబ్బిచ్చి తాగుతానన్నారు. ఏం తాగారక్కా?”



“ముప్పై ఏళ్ళ టానీ.”

“బాగుందన్నారా?”

గ్రాసిండా పెట్టెల మీది చీటీలు సరిచూస్తున్నట్టు వంగింది.

“...బాగుందన్నారు.”

అబెల్ టోపీతో కళ్ళు తుడుచుకున్నాడు.

“పోన్లే అక్కా, మా గోదాములో ఆ ముప్పై ఏళ్ళ టానీ కలిపి తయారుచేసిందే ఆయన, నలభై రెండేళ్ళు రోజూ రుచి చూసి ఉమ్మెయ్యడమే తప్ప తన చేతి వైన్ ఒక్క గ్లాసు నిండుగా మింగి ఎరగరు, ఆ కోరిక నీ చేతుల మీద తీరింది.”